లేని నలభై కుర్చీలు

నెల్లూరు జిల్లా మెట్ట ప్రాంతం నుంచి యాభై ఒక్కేళ్ల గృహిణి నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు, ఊరు వేయవద్దన్నారు. ఆమె చెప్పిన సంగతి క్లుప్తంగా ఇది.

పిల్లలు బెంగళూరుకో చెన్నైకో వెళ్లిపోగా ఇళ్లలో ఒంటరిగా మిగిలిన ఆడవాళ్లు పదకొండు మంది, మూడేళ్ల క్రితం సాయంత్రం పూట బడి ఆవరణలో నడవడం మొదలుపెట్టారు. నడక అయ్యాక వేపచెట్టు కింద కూర్చునేవారు. ఒకరు చింతపండులో గింజ తీసేవారు, ఇంకొకరు బియ్యం ఏరేవారు. కొన్నాళ్లకు నడవలేని అవ్వలు కూడా కర్ర పట్టుకుని వచ్చి కూర్చోసాగారు. ఈమె తన డబ్బుతో బీపీ మిషను కొని అందరికీ చూసేవారు. ఒకరింటి నుంచి మజ్జిగ, ఇంకొకరి పెరట్లోంచి నిమ్మకాయలు వచ్చేవి.

ఈ సంగతి విన్న బంధువొకరు, ఊళ్లలో జనం ఆరోగ్యానికీ మనశ్శాంతికీ పనిచేసే చిన్న బృందాలకు ఒక ట్రస్టు సాయం చేస్తుందని చెప్పారు. దరఖాస్తుకు రిజిస్టరైన సొసైటీ కావాలి. ఆఫీసు పనులు తెలిసినవారని బావగారిని అధ్యక్షుణ్ని చేశారు. ఈమె కార్యదర్శి, తోడికోడలు కోశాధికారి. రూ. 1,50,000 మంజూరై, తొలి విడతగా 90,000 వచ్చింది. చాపలకు, లైట్లకు 14,000, యోగా నేర్పే మనిషికి 12,000, గుగ్గిళ్లు, మజ్జిగకు 17,500, బ్యానర్లకు 3,500, షుగరు పరీక్ష పరికరానికి 2,600 అయ్యాయి. ఇంతలో గుడి ముఖద్వారం పని ఆగిపోయిందని, తర్వాత సర్దుతానని బావగారు 22,000 తీశారు. లెక్కలో మాత్రం నలభై ప్లాస్టిక్ కుర్చీలు, ఒక్కొక్కటి 550 చొప్పున కొన్నట్టు బిల్లు చేయించారు. చెక్కు మీదా, బిల్లు మీదా ఈమె కూడా సంతకం పెట్టారు. ఖాతాలో ఇప్పుడు 18,400 ఉంది. డబ్బు దేనికి ఖర్చయిందో చూపే వినియోగ ధ్రువపత్రం వచ్చే నెలాఖరుకు పంపితేనే రెండో విడత 60,000 వస్తుంది. ట్రస్టు మనిషి వచ్చి చూస్తారని కూడా కబురు వచ్చింది.

ఇంకో బాధ కూడా ఉంది. ప్రతి సమావేశానికీ ఫోటోలు, హాజరు సంతకాలు, నెలకోసారి ప్రశ్నల పత్రం పంపాలి. "గత రెండు వారాల్లో మీరు ఎంత కాలం ఉల్లాసంగా ఉన్నారు? మీ రోజులు మీకు ఆసక్తి కలిగించే పనులతో నిండి ఉన్నాయా? సున్నా నుంచి ఐదు వరకు చెప్పండి" అని యోగా అబ్బాయి అందరి ముందూ చదివి అడిగాడు. ఒక అవ్వ కళ్లు తుడుచుకుని లేచి వెళ్లిపోయింది. నెలన్నరగా రావడం లేదు. ఇప్పుడు సాయంత్రాలు ఆరేడుగురే వస్తున్నారు. కార్యదర్శి కూతురు స్కూటరు కొనుక్కుందని, అది ఏ డబ్బో అని ఊళ్లో గుసగుసలు. "అన్నయ్యతో గొడవెందుకు, సంతకం పెట్టి పంపేయ్" అంటున్నారు భర్త. "పంపేయమంటారా? రాజీనామా చేయమంటారా? డబ్బంతా తిప్పి పంపమంటారా? నా రెండు గాజులు అమ్మి ఆ 22,000 కట్టేద్దామా అని కూడా అనిపిస్తోంది" అని అడిగారు.

అమ్మా,

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటి రెండు పేజీల నిండా వేపచెట్టు, మజ్జిగ, అవ్వలు. కుర్చీల సంగతి మూడో పేజీలో వచ్చింది. "ఆ బిల్లు మీద నేనూ సంతకం పెట్టాను" అని ఒక్క వాక్యం రాసి ఊరుకున్నారు. అక్కడి నుంచి మీ చేతిరాత మారిపోయింది, అక్షరాలు చిన్నవై ఒకదాని మీద ఒకటి ఎక్కాయి. మీకు నిద్ర పట్టనివ్వనిది ఆ వాక్యమేనని నాకు అనిపించింది. కాబట్టి అవ్వ దగ్గరికి తర్వాత వెళ్దాం.

మీ బావగారు ఆ డబ్బు జేబులో వేసుకోలేదు. ఊరికి వచ్చిన సొమ్ము ఊరి గుడికే పెట్టాను కదా అని ఆయన నమ్ముతూ ఉండవచ్చు. మీ ఇంట్లో ఎవరికీ ఇది పెద్ద తప్పుగా తోచకపోవడానికి కారణం అదే. పెళ్లికి దాచింది పంటకు పెట్టడం, పంట మీద వచ్చింది ఆసుపత్రికి కట్టడం మనందరి ఇళ్లలో జరిగేదే. ఇంట్లో దాన్ని సర్దుబాటు అంటాం. ఒక పని చేస్తామని రాసిచ్చి తెచ్చుకున్న డబ్బుతో ఇంకో పని చేసినప్పుడు ఆ మాట సరిపోదు.

అయితే ఇక్కడ రెండు తప్పులున్నాయి, వాటిని విడదీసి చూడండి. 22,000 గుడికి మళ్లించడం ఒకటి. లేని కుర్చీలకు బిల్లు పుట్టించడం రెండోది. మొదటిది డబ్బు తిరిగి ఖాతాలో వేస్తే చాలావరకు సర్దుకుంటుంది. రెండోది మాత్రం ఆ కాగితం ఎన్ని చేతులు మారితే అంత పెరుగుతుంది. మీరు రాసినదాన్ని బట్టి ఆ బిల్లు ఇంకా మీ ఫైలులోనే ఉంది, ట్రస్టుకు వెళ్లలేదు. మీ ఉత్తరంలో నాకు కనిపించిన మంచి వార్త ఇదొక్కటే. మీరు దాన్ని గమనించినట్టు లేరు.

ట్రస్టువాళ్లు కాగితాల కోసం ఇంతగా ప్రాణం తీయడానికి కారణమూ తెలుసుకోండి. వాళ్లకు కంపెనీల నుంచి డబ్బు వస్తుందని రాశారు. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం, ఒక స్థాయి దాటిన కంపెనీలు గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సామాజిక పనులకు ఖర్చు పెట్టాలి. ఆ డబ్బు చెప్పిన పనికే వెళ్లిందని కంపెనీ ఆర్థిక అధికారి ధ్రువీకరించాలి. ఆయన ట్రస్టు కాగితం చూసి సంతకం పెడతాడు, ట్రస్టు మీ కాగితం చూసి పెడుతుంది. మీ ఊరి వేపచెట్టు కింద పెట్టిన సంతకం అంతదూరం వెళ్తుంది. చిన్న మొత్తమే కదా, ఎవరు చూస్తారులే అనుకోవడానికి లేదు. మొత్తం చిన్నదైన కొద్దీ చూడటమూ తేలిక: మనిషి వస్తాడు, కుర్చీలు లెక్కపెట్టుకుంటాడు, అంతే.

ఇప్పుడు మీరడిగిన దారులు.

సంతకం పెట్టి పంపేస్తే ఈ నెల ఇంట్లో గొడవ ఉండదు, 60,000 రావచ్చు. వచ్చే మనిషికి పెళ్లి పందిళ్లవాళ్ల దగ్గర కుర్చీలు అద్దెకు తెచ్చి చూపించాలి. ఆ అద్దెకు ఇంకో బిల్లు. ముఖద్వారానికి రంగులు మిగిలాయని రెండో విడతలోంచి అడిగితే కాదనడానికి మీ దగ్గర మాట ఉండదు, ఎందుకంటే మొదటిసారి కాదనలేదు. ఊళ్లో గుసగుసలకు ఇప్పటిదాకా ఆధారం లేదు. ఈ పనితో మీరే ఆధారం చేతికిచ్చినట్టవుతుంది. నా అభిప్రాయం అడిగితే ఈ దారి వద్దంటాను.

రాజీనామా చేస్తే మనసు కొంత తేలికపడుతుంది. కానీ రాజీనామా చేసిన రోజు నుంచే అది పనిచేస్తుంది, అంతకు ముందు పెట్టిన సంతకాలు మీవిగానే ఉంటాయి. మీ కుర్చీలో బహుశా మీ తోడికోడల్ని కూర్చోబెడతారు. ఆవిడకు ఈ బిల్లు సంగతి ఎంత తెలుసో మీరు రాయలేదు. వెళ్లాలనే నిశ్చయించుకుంటే ఉత్త కాగితం ఇచ్చి రాకండి. ఆ రోజు వరకు జమాఖర్చులు రాసి, ఖాతాలో 18,400 ఉందని, 22,000 గుడి పనికి వెళ్లిందని మినిట్స్ పుస్తకంలో ఎక్కించి, సభ్యుల సంతకాలు తీసుకుని, దాని నకలు మీ దగ్గర పెట్టుకుని రండి.

మిగిలిన డబ్బు తిప్పి పంపడం గౌరవమైన పనే. కొన్ని సంఘాలు ఆ పని చేసి ఎప్పటిలా బతికాయి. అయితే 18,400 పంపితే 22,000 ఎక్కడని అడుగుతారు. కాబట్టి ఈ దారిలో వెళ్లినా అది కూడా కుర్చీల గుండానే పోతుంది.

ఇక గాజులు. నా మాట వినేట్టయితే ఇది ఆఖరి దారిగా ఉంచుకోండి. రహస్యంగా అమ్మి కడితే లెక్క సరిపోతుంది, కానీ బావగారికి ఏమీ జరిగినట్టుండదు, మీవారికి ఏమీ తెలియదు, మీకు మాత్రం ఆ గుడి ముఖద్వారం చూసినప్పుడల్లా చేతులు బోసిగా కనిపిస్తాయి. ఏడాది తర్వాత ఏదో మాట మీద అది బయటికి వస్తుంది, అప్పుడు 22,000తో పోదు. తప్పనిసరై మీరే కట్టవలసి వస్తే, ఫలానా వారు ఫలానా కారణంగా జమ చేశారని పుస్తకంలో రాయించి కట్టండి.

నేనైతే ఇంకో దారి ముందు ప్రయత్నిస్తాను. ఆ డబ్బు గడువులోగా ఖాతాలోకి తిరిగి రావాలి, కుర్చీల బిల్లు లెక్కలోంచి పోవాలి, జరిగింది ట్రస్టుకు ముందుగా చెప్పాలి. మూడూ కలిస్తేనే ఈ ముడి విడుతుంది.

బావగారితో మాట్లాడటం మీకు ఎంత కష్టమో ఊహించగలను. పాతికేళ్లుగా ఆయన ఎదుట కుర్చీలో కూర్చోని మనిషి ఆయన్ని లెక్క అడగాలి. గుడి కమిటీవాళ్లు ఉన్నప్పుడు అడగకండి. తోడికోడలి చేత చెప్పించకండి, ఆవిడ అటు మొగుడు ఇటు మీరు అని నలిగిపోతుంది. మీవారిని పక్కన కూర్చోబెట్టుకోండి, ఆయన ఏమీ మాట్లాడకపోయినా సరే. తప్పు పట్టినట్టు కాకుండా, ఇద్దరికీ కలిపి వచ్చిన చిక్కులాగా చెప్పండి: "బావగారూ, కుర్చీలు చూడటానికి మనిషి వస్తాడట. చెక్కు మీద మీదీ నాదీ ఇద్దరి సంతకాలున్నాయి. నేనెక్కడి నుంచి చూపించను? గుడి చందాల్లోంచి ఆ డబ్బు ఈ నెలలోపు వెనక్కి వేయిద్దాం." పరువు పోకుండా బయటపడే దారి ఆయనకు కనిపించాలి. గుడికి చందాలు వసూలు చేయగల మనిషి 22,000 తేలేడని నేననుకోను. ఒకేసారి కుదరకపోతే రెండు వాయిదాలంటారు, దానికీ తీర్మానం రాసుకోండి.

ఆయన కోప్పడితే? కోప్పడవచ్చు. "నా వల్లే కదా రిజిస్ట్రేషన్ అయింది" అనవచ్చు. అందులో నిజం కొంత ఉంది, కానీ పూర్తిగా లేదు. మన రాష్ట్రంలో 2001 సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద సంఘం పెట్టాలంటే కనీసం ఏడుగురు కావాలి. మీ కాగితాల మీద ఆ ఏడుగురి పేర్లూ ఉన్నాయి. వాళ్లలో వేపచెట్టు కింద కూర్చునేవాళ్లు ఎంతమంది? వాళ్లను పిలిచి సమావేశం పెట్టే హక్కు కార్యదర్శిగా మీకుందో లేదో మీ నిబంధనావళి తెరిచి చూడండి. రిజిస్ట్రేషన్ రోజున సంతకం పెట్టి బీరువాలో పెట్టేసిన కాగితం అది. ఇన్నాళ్లకు దాని అవసరం పడింది.

న్యాయ సలహా కావాలంటే భయపడకండి. 1987 న్యాయ సేవల చట్టం ప్రకారం ఆదాయంతో సంబంధం లేకుండా ఆడవాళ్లకు ఉచిత న్యాయ సహాయం ఉంది. కోర్టు ఆవరణలోని న్యాయ సేవల సంస్థను అడగవచ్చు, 15100కు ఫోను చేయవచ్చు. ఫైలు పట్టుకుని వెళ్లి మీ పూచీ ఎంతవరకో కనుక్కుని రండి. అడిగినంత మాత్రాన కేసు పెట్టినట్టు కాదు.

ట్రస్టుకు రాసే ఉత్తరం చిన్నదిగా ఉండాలి. ఇంత డబ్బు అనుమతి లేని పనికి ఖర్చయింది, ఫలానా తేదీలోగా తిరిగి జమ చేస్తున్నాం, పాస్‌బుక్కు నకలు పంపుతాం, ధ్రువపత్రానికి ఇంకో నెల గడువివ్వండి. కారణాలూ ఏడుపులూ వద్దు. వాళ్లు రెండో విడత ఆపేయవచ్చు. మళ్లీ సాయం చేయకపోవచ్చు. ఆ నష్టానికి సిద్ధపడే రాయాలి. డబ్బు తిరిగి జమ అయ్యాక రాస్తే మాటకు బలం ఎక్కువ, కానీ ఆ మనిషి వచ్చేది అంతకన్నా ముందయితే ఆగకండి. ఆయన కుర్చీల గురించి అడిగాక చెప్పే మాటకూ, అడగకముందు చెప్పే మాటకూ చాలా తేడా ఉంటుంది.

స్కూటరు గుసగుసల గురించి ఒక సంగతి చెప్పాలి, నొచ్చుకోకండి. అధ్యక్షుడు, కార్యదర్శి, కోశాధికారి ముగ్గురూ ఒకే ఇంటివాళ్లైతే ఏ ఊరైనా అనుకుంటుంది. మీరు ఎంత నిక్కచ్చిగా ఉన్నా అనుకుంటుంది. వచ్చే ఎన్నికలో కనీసం కోశాధికారి పదవి బయటివాళ్లకు ఇవ్వండి. ఈలోగా పాస్‌బుక్కు పట్టుకెళ్లి వేపచెట్టు కింద పైకి చదవండి. ఈ పద్ధతి మీ జిల్లా ఆడవాళ్లకు నేను నేర్పవలసినది కాదు. అక్షరాలు నేర్చుకోవడానికి కూర్చున్న ఆడవాళ్లు దూబగుంటలో సారాకు ఎదురు తిరిగితే, 1993 అక్టోబరు 1 నాటికి రాష్ట్రమంతా సారా ఆగింది. రోజుకో రూపాయి దాచే పొదుపు లక్ష్మి కూడా ఆ ఊపులోనే నెల్లూరు ఊళ్లలో అల్లుకుంది. మీ పదకొండు మందిలో పొదుపు సంఘంలో లేనివాళ్లు ఎవరైనా ఉన్నారా? పంచసూత్రాల్లో పుస్తకాల నిర్వహణ ఒకటని వాళ్లకు కంఠతా వచ్చు. పొదుపు సంఘంలో పది రూపాయల తేడాను పట్టుకునే మనుషులకు ఈ సంఘంలో మాత్రం పుస్తకం ఎలా ఉంటుందో తెలియదు. చూపించండి. మీకు అండ కూడా అక్కడే దొరుకుతుంది.

అవ్వ సంగతికి వస్తాను. నిజానికి నా మనసు మొదటి నుంచీ అక్కడే ఉంది.

మీరు రాసిన ప్రశ్నలు చూస్తే అది ప్రపంచ ఆరోగ్య సంస్థ పేరుతో 1998 నుంచి వాడుకలో ఉన్న ఐదు ప్రశ్నల పత్రంలా ఉంది. ఉల్లాసంగా ఉన్నారా, ప్రశాంతంగా ఉన్నారా, చురుగ్గా ఉన్నారా, నిద్ర లేచేసరికి సేదతీరినట్టుందా, రోజులు ఆసక్తికరంగా ఉన్నాయా. ఒక్కోదానికి సున్నా నుంచి ఐదు, మొత్తం ఇరవై ఐదు. మంచి పత్రమే. పదమూడుకు తగ్గితే ఆ మనిషిని ఇంకాస్త శ్రద్ధగా చూడాలని దాని ఉద్దేశం. అంటే ఒక మనిషి తనలోకి తాను చూసుకుని, తనకు తానే గుర్తు పెట్టుకోవలసిన కాగితం. దాన్ని పద్నాలుగు మంది ముందు ఒక కుర్రవాడు గట్టిగా చదివితే, కొడుకు ఫోను కోసం ఎదురుచూసే ముసలావిడ ఏ అంకె చెబుతుంది? అప్పటిదాకా చింతపండు గింజ తీస్తూ మరిచిపోయి ఉన్నది ఆ ప్రశ్న గుర్తుచేసింది.

ఇది మార్చుకోవడం మీ చేతుల్లోనే ఉంది. ఇకపై ఎవరినైనా పక్కకు పిలిచి, చదువు రానివారికి మీరే నెమ్మదిగా చదివి అడగండి. వద్దన్నవాళ్లను వదిలేయండి, వద్దన్నారని రాయండి, ట్రస్టుకు అది కూడా లెక్కే. ఫోటోలు వెనక నుంచి తీయవచ్చా అని అడగండి. చాపల మీద చేతులు, మజ్జిగ గ్లాసులు కనిపిస్తే చాలనవచ్చు. చాలదంటే, ఈ డబ్బు మీకు కావాలా అని అప్పుడు ఆలోచించండి.

ఎందుకంటే ఒక సందేహం ఉంది. కుర్చీల సమస్య రేపే తీరిపోయినా మీరు డబ్బు తిప్పి పంపాలనే అనుకుంటారేమో. మీ ఉత్తరంలో డబ్బు రాకముందు సాయంత్రాల గురించి రెండు పేజీలు ఉన్నాయి, వచ్చిన తర్వాతి సాయంత్రాల గురించి "అవుతున్నాయి" అని ఒక్క మాట. అదే నిజమైతే బావగారి పేరు చెప్పి మానేయకండి. ఆ డబ్బు మాకు సరిపడలేదు అని నేరుగా చెప్పండి. మజ్జిగ ఇళ్ల నుంచి వచ్చేది. బీపీ మీ మిషనుతోనే చూసేవారు, ప్రభుత్వ ఆరోగ్య కార్యకర్త ఏఎన్ఎం కూడా ఉచితంగా చూస్తుంది. యోగాకు పెట్టిన 12,000 గురించి నాకు నమ్మకం తక్కువ, మోకాళ్లు వంగని అవ్వలు దానికోసం వచ్చి ఉండరు. లైట్లు, షుగరు పరికరం మాత్రం నిజంగా పనికొచ్చినట్టున్నాయి. డబ్బు ఉంచుకోవాలనుకుంటే, రెండో విడత ఖర్చుల పట్టిక మార్చుకోవడానికి ట్రస్టు అనుమతి రాతపూర్వకంగా అడగండి. ఏది కావాలో వేపచెట్టు కింద కూర్చునేవాళ్లు చెప్పాలి, మీరూ బావగారూ కాదు.

అవ్వ ఇంటికి మాత్రం వీటన్నిటి కోసం ఆగకండి. రేపు సాయంత్రమే వెళ్లండి. ఆమె సరిగా తినడం లేదన్నా, నిద్ర లేదన్నా, ఎందుకు బతికున్నానో అన్నా తేలిగ్గా తీసుకోవద్దు. మానసిక సమస్యలకు టెలీ మానస్ 14416కు ఎప్పుడైనా తెలుగులో మాట్లాడవచ్చు, వృద్ధుల సహాయానికి 14567 ఉంది, నంబర్లు కలిపి ఆమె చేతికి ఫోనివ్వండి. అంత లేదనిపిస్తే కాసేపు కూర్చుని, ఒలవవలసినవేవైనా ఉంటే ఒలిచి రండి. హాజరు పుస్తకం తీసుకెళ్లవద్దు. ఆ రోజుకు బీపీ మిషను కూడా ఇంట్లోనే పెట్టి వెళ్లండి.